కొవ్వొత్తి పరీక్ష

ద్రాక్ష కోత మొదలై పదకొండో రోజు.
నా చేతులిప్పుడు నావి కావు,
కత్తెరకి పుట్టిన పిల్లలు.
నిద్రలో కూడా వేళ్లు తెరుచుకుని మూసుకుంటున్నాయట,
మా అత్త పేలో చెప్పింది.
నిద్రంటే ఏముందిలే,
బూట్లు విప్పకుండా బెంచీ మీద రెండు గంటలు.

తెలావి రోడ్డు మీద ఫ్యాక్టరీ గేటు దాకా
ట్రాక్టర్ల వరస, కిలోమీటరున్నర.
నా ముందు నలభై మూడు బండ్లు.
వెనక ట్రాలీలో నాలుగు టన్నుల తెల్లద్రాక్ష
తన బరువుకి తనే చితికి
చెక్కల సందుల్లోంచి తీపి కారుతోంది.
కందిరీగలకి పెళ్లి భోజనం.
నేను తిన్న రొట్టెముక్క మాత్రం
ఇవాళ్టిదో నిన్నటిదో తేల్చుకోలేకున్నాను.

కాకేసస్ కొండల మీద అప్పుడే తొలి మంచు.
ఎవరో అటు చూపించి "ఎంత బాగుందో" అన్నారు.
నేను మబ్బుందా అని చూశాను.
వాన పడితే పండు పగుల్తుంది, పగిలితే సగం ధర.
ఈ నెలంతా నాకు ఆకాశం కూడా ఒక దళారీయే.

రాత్రి పదకొండుకి ఇల్లు చేరాక అసలు పని.
నేలలో మెడదాకా పాతిన మట్టి కాగులు, ఏడు,
మా మామగారి నాన్న కాలంనాటివి.
లోపల రసం ఉడుకుతున్న చప్పుడు,
ఎసరు మరిగినట్టు, కాదు,
చీకట్లో ఎవరో చాడీలు చెప్పుకుంటున్నట్టు.
పైకి తేలిన తొక్కల్ని కర్రతో కిందికి తొయ్యాలి
రోజుకి నాలుగుసార్లు.
ఒక్కసారి ఏమరితే ఏడాది కష్టం వెనిగరే.

ఆ గదిలోకి దిగే ముందు
కొవ్వొత్తి వెలిగించి, తీగకి కట్టి, ముందు దాన్ని దించుతాను.
పులిసే రసం వదిలే గాలి బరువైనది.
కనిపించదు, వాసనా చెప్పదు,
మోకాలెత్తున నేలంతా పడుకుని ఉంటుంది.
వెలుగు నిలిస్తే దిగొచ్చు.
ఆరితే తలుపులు బార్లా తెరిచి బయట కూర్చోవాలి,
ఎంత తొందరున్నా, ఎవరు పిలిచినా.
పక్కూరి మాల్ఖాజ్ ఒకే ఒక్క రాత్రి ఆ పని మానేశాడు.
అతని కాగుల్ని ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు.

నిన్న రాత్రి కొవ్వొత్తి ఆరింది.
బయటి మెట్టు మీద కూలబడ్డాను.
కాగుల మీద కోపం, గాలి మీద కోపం,
పోయినేటి వైను మూడొందల సీసాలు
ఎల్లుండికల్లా పంపమన్న హోటలాయన మీద కోపం.
పేలో వచ్చి పక్కన కూర్చుంది, చేతిలో చిక్కుడుగింజల పులుసు.
ఆమె నీతులు చెప్పే మనిషి కాదు.
"గాలి మారడానికి అరగంట పడుతుంది త్సియాలా, అందాకా తిను."
మూడో చెంచాకి కళ్లలో నీళ్లొచ్చాయి.
మిరపకాయ అనుకున్నట్టుంది,
అనుకోనిచ్చాను.

తర్వాత నా బొటనవేలు పట్టుకుని చూసి
వేణ్నీళ్లతో కడిగి గుడ్డ కట్టింది.
ఐదు రోజుల గాయం.
రసం తగిలి చురుక్కుమన్నప్పుడల్లా
"తర్వాత" అన్నాను దానికి.
దానికేనా?
పంటినొప్పికి తర్వాత, నడుముకి తర్వాత,
బతూమీ నుంచి చెల్లెలు చేసిన ఆరు ఫోన్లకి తర్వాత.
కాగులకి మాత్రం ఏ రోజూ ఆ మాట అనలేదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు.
సరే.
ఇల్లు చక్కబెడుతూ దీపం వంక చూసేదెవరు?

హోటలాయనకి ఫోన్ చేశాను, అర్ధరాత్రే.
"నూటయాభై. వచ్చే వారం."
అవతల చాలాసేపు నిశ్శబ్దం.
నా గుండె చప్పుడు నాకే వినపడింది, కాగులో రసంలా.
"చూద్దాం" అన్నాడు.
చూసుకోనీ.

ఇవాళ మళ్లీ అదే రోడ్డు, అదే వరస.
స్టీరింగ్ మీద తల ఆనించడమే గుర్తు.
కళ్లు తెరిచేసరికి నీడలు అటు నుంచి ఇటు తిరిగాయి,
ముందు ఏడు బండ్లే మిగిలాయి.
వెనక ట్రాక్టరు జౌరీ,
నాతో సరిహద్దు కంచె తగాదా ఉన్నవాడు,
హారన్ కొట్టలేదు, నన్ను లేపలేదు.
తన బండి దిగి, నన్ను పక్కకి జరిపి,
నా బండిని తనే ముందుకి నడిపాడట,
పందొమ్మిది సార్లు.

ట్రాలీలోంచి తీపి ఇంకా కారుతోంది.
కారనీ.